డూపు లేని బావి

మంగళగిరికి దారి ఎవర్నీ అడగనక్కర్లేదు. విజయవాడ నించి బయల్దేరినా, గుంటూరు నించి బయల్దేరినా వూరికంటే ముందు గాలిగోపురం ఎదురొస్తుంది. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807-09 మధ్య కట్టించారు. కట్టాక గోపురం ఓ పక్కకి ఒరిగిందట! ఎదురుగా కోనేరు తవ్వించండని శిల్పులు సలహా చెప్పారట. తవ్వించాక తిన్నగా నిలబడిందట. నిజానిజాలు నరసింహస్వామికే తెలియాలి గాని, ఆ గొయ్యి మాట కాస్త గుర్తుంచుకోండి. గొయ్యితో మనకి కాసేపట్లో పనుంది.

ఫాల్గుణ మాసం. గుంటూరు సీమలో మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజులు. ఈ రోజుల్లో ఇటువైపు మోటార్‌సైకిల్ తోలాలంటే కళ్ళజోడు వుండి తీరాలి. కల్లం పక్కగా వెళితే చాలు, గాలే ఘాటెక్కి ముక్కుపుటాలు అదురుతాయి. నా బండి 1994 నాటి ఆర్‌ఎక్స్ హండ్రెడ్. నేను దానికి మూడో యజమానిని. ప్రకాశం బ్యారేజీ దాటి, తాడేపల్లి మీదుగా హైవే ఎక్కేసరికి నా ముందూ వెనకా అన్నీ మోటార్‌సైకిళ్ళే. అందరం తిరనాళ్ళకే!

మోటార్‌సైకిళ్ళకి ప్రత్యేకంగా పండగలున్నాయని మీకూ తెలిసే వుంటుంది. గోవాలో వగటోర్ దగ్గర నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ పండగ జరుగుతుంది. చాలా ఏళ్ళు ‘రైడర్ మేనియా’ అన్నారు, 2023 నించి ‘మోటోవర్స్’ అంటున్నారు. మట్టి ట్రాకు మీద పందేలు, బండిని విప్పి మళ్ళీ బిగించే పోటీలు, రాత్రయితే పాటలు, డాన్సులు. మా మిత్రబృందం తోలుకోట్లు వేసుకుని వెళ్ళొచ్చి ఏడాది పొడుగునా ఆ కబుర్లే చెబుతారు. “నువ్వెప్పుడొస్తావోయ్?” అని నన్ను అడుగుతుంటారు. మీ పండగ చూసేలోపు మా పండగ చూడండి, మంగళగిరి రండి అంటాను. నవ్వుతారు.

నవ్వనివ్వండి! గోవాలో బళ్ళు ఖరీదైనవి కావచ్చు. ఇక్కడికొచ్చే బళ్ళ తీరు వేరు. దుగ్గిరాల, పెదవడ్లపూడి, నూతక్కి, కాజ, నంబూరు, తెనాలి... ఏ వూరి కుర్రకారు బండి ఏదో చప్పుడుని బట్టి చెప్పేసే వాళ్ళున్నారు. ఒక స్ప్లెండర్ మీద ముగ్గురు. ఒక బుల్లెట్ మీద మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక కొబ్బరికాయల సంచి. సైలెన్సరు గుల్ల చేసి ఊరంతా వినిపించేలా తోలే ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌లకి లెక్కే లేదు. 1996లో తయారీ ఆగిపోయిన బండి పేరుతో 2018లో సినిమా తీస్తే ఎందుకంత ఆడిందని హైదరాబాదు పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు గాని, ఆ సంగతి తిరనాళ్ళలో బళ్ళు ఆపేచోట టిక్కెట్లు చింపే అబ్బాయిని అడిగితే చెప్పేవాడు.

ముందు దైవదర్శనం. ఇక్కడ నరసింహస్వామికి మూడు నెలవులు. కింద లక్ష్మీనరసింహుడు, కొండ మధ్యలో పానకాలస్వామి, శిఖరాన గండాలస్వామి. పానకాలస్వామి దాకా మెట్లూ వున్నాయి, ఘాట్ రోడ్డూ వుంది. నాది రోడ్డు దారే అని చెప్పనక్కర్లేదనుకుంటాను. పానకం బిందె ఇస్తే పూజారిగారు శంఖంతో స్వామి నోట్లో పోస్తారు. గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. సగం పుచ్చుకుని సగం మనకి ప్రసాదంగా వదిలేస్తాడని నమ్మకం. ఇంత బెల్లం నీళ్ళు పారే చోట చీమ కనపడదని చెబుతారు. నేనూ వెతికాను, కనపడలేదు. 

పైనించి చూస్తే వూరంతా దీపాల పందిరి. చతుర్దశి రాత్రి స్వామివారి కల్యాణం, మర్నాడు పున్నమికి రథోత్సవం. కొండ దిగువన రంగులరాట్నాలు, గాజుల కొట్లు, ఖర్జూరపండ్ల గుట్టలు, జీళ్ళు. వాటన్నిటి వెనకాల, ఓ మూల, చెక్కలతో కట్టిన పెద్ద పీపాలాంటిది కనిపించింది. దాంట్లోంచి వచ్చే మోత కొండ మీదికి కూడా వినిపిస్తోంది. ఆ మోత నాకు బాగా పరిచయం. నా బండి కూతే!

అదే బావి. బోర్డు మీద ‘మృత్యుకూపం’ అని ఎర్రరంగుతో రాసి, కింద పుర్రె బొమ్మ వేశారు. జనం మాత్రం ‘బావిలో మోటార్‌సైకిల్’ అనే అంటారు.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. నిలువు చెక్కలు పక్కపక్కన బిగించి, చుట్టూ ఇనప తాళ్ళతో కట్టేస్తారు. అడ్డం ముప్ఫై అడుగులు, ఎత్తు పాతిక. మనం మెట్లెక్కి పై అంచున నిలబడి లోపలికి తొంగి చూడాలి. అడుగున బండి మామూలుగా గుండ్రంగా తిరుగుతుంది. గోడ మొదట్లో వాలుగా వేసిన చెక్కలుంటాయి. వాటి మీద వేగం పుంజుకుని, అక్కణ్ణించి నిలువు గోడ మీదికి ఎక్కుతుంది. అంటే గోడ నిలువు, బండి అడ్డం! గోడకి తిరిగే బల్లిలా వుంటుందనుకోండి.

ఇందులో మంత్రం లేదు. బక్కెట్లో నీళ్ళు పోసి గిరగిరా తిప్పితే ఒలకవు కదా, అదే సూత్రం. బండి గోడని గట్టిగా నొక్కుతుంది, టైరు చెక్కని పట్టుకుంటుంది. ఇంత బావిలో గంటకి నలభై, యాభై కిలోమీటర్ల వేగం చాలు. హైవే మీద ఆ వేగంతో వెళితే లారీ వాళ్ళు తిడతారు. కాని ఆ వేగంలోనే మనిషి బరువు మూడింతలు అయినట్టు వుంటుంది. నెత్తురు కాళ్ళలోకి దిగుతుంది. అలవాటు లేనివాడికి నాలుగు చుట్లలో కళ్ళు బైర్లు కమ్ముతాయి. వేగం తగ్గితే జారతాడు. అంచు దాటితే జనంలో పడతాడు. ఈ రెండింటి మధ్యన వున్నదే అతని బతుకుతెరువు.

ఇది మన దేశంలో పుట్టిన ఆట కాదు. అమెరికాలో చెక్క ట్రాకుల మీద మోటార్‌సైకిల్ పందేలు వెర్రిగా సాగే రోజుల్లో, 1911లో, న్యూయార్కు దగ్గర కోనీ ఐలాండ్ సంబరాల్లో చిన్న ట్రాకు ఒకటి కట్టారు. ఆ గోడలు ఏటేటా లేస్తూ లేస్తూ 1915 నాటికి నిట్టనిలువు అయ్యాయి. 1929లో ఇంగ్లండు చేరింది. అక్కడి వీరులకి ఇష్టమైన బండి ‘ఇండియన్ స్కౌట్’. పేరుకే ఇండియన్, తయారయ్యేది అమెరికాలో! మన దేశానికొచ్చాక మాత్రం మేళాల్లో, తిరనాళ్ళలో బావి స్థిరపడిపోయింది. ఇక్కడి వాళ్ళు మారుతీ కార్లు కూడా గోడెక్కించారు.

సినిమావాళ్ళ కన్ను దీని మీద పడకుండా వుంటుందా? ఎల్విస్ ప్రెస్లీ 1964లో ‘రౌస్టబౌట్’లో ఈ గోడెక్కాడు. సల్మాన్‌ఖాన్ 2019లో ‘భారత్’లో ఎక్కాడు. ఎక్కింది వాళ్ళేనా అని మాత్రం అడక్కండి. మన ‘ఆర్‌ఆర్‌ఆర్’లో (2022) వంతెన ఘట్టం గుర్తుందిగా? ఒకరు గుర్రం మీద, ఒకరు మోటార్‌సైకిల్ మీద. హాల్లో నేను కూడా సీటు మీద కూర్చోలేదు. ఆ ఘట్టం వెనక తాళ్ళు, కంప్యూటర్లు, వందలమంది పనివాళ్ళు వున్నారు. అది తప్పని కాదు, సినిమా అంటేనే అది. బావిలో అవేవీ లేవంటున్నానంతే.

టిక్కెట్ యాభై రూపాయలు. పైకెక్కాను.

కుర్రాడికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు వుంటాయి. సన్నటి మనిషి. జీన్సు ప్యాంటు, బనీను, చేతికి దారాలు. అతని బండి కూడా ఆర్‌ఎక్స్ హండ్రెడే. దీపాలు పీకేశారు, బ్రేకు పీకేశారు, సైలెన్సరు సగానికి కోసేశారు. మూడు చుట్లు వాలు మీద, నాలుగో చుట్టులో గోడ మీద! చెక్కలన్నీ టకటకా మోగుతున్నాయి, నేను పట్టుకున్న కమ్మీ వణుకుతోంది. రెండు చేతులూ వదిలేశాడు. తల వెనక్కి వాల్చాడు. జనం చేతుల్లో పదులు, ఇరవైలు వూపుతున్నారు. బండి మూడడుగుల దగ్గరికొచ్చి, నోటు అందుకుని, మళ్ళీ కిందికి దిగిపోతోంది. నా చేతిలో నోటు తీసుకున్నప్పుడు నా మొహంలోకి చూసి నవ్వాడు కూడా! ఇన్నేళ్ళుగా సినిమాల మీద రాస్తున్నాను. సాహసం చేస్తున్న మనిషి మొహం, సాహసం చేస్తున్న క్షణంలో, అంత దగ్గర్నించి చూడటం అదే మొదటిసారి.

ఆట అయ్యాక కిందికెళ్ళి పలకరించాను. పత్రికవాణ్ణంటే ముందు జంకాడు. సినిమా పత్రిక అనగానే టీ తెప్పించాడు.

అతనిది మరే దూరదేశమో అనుకున్నాను. కాదు, మంగళగిరే! చేనేత కుటుంబం. మంగళగిరి చీర సంగతి మా ఆడ పాఠకులకి నేను చెప్పాలా? ఒళ్ళంతా సాదా, అంచు జరీ, కట్టుకుంటే కుదురు. ఆ చీర నేసేది గుంట మగ్గం మీద. నేలలో గొయ్యి తీసి, కాళ్ళు అందులో పెట్టి కూర్చుని తొక్కాలి. తండ్రి అలా నలభై ఏళ్ళు తొక్కాడు. కుర్రాడు ఇంటర్ తప్పాక రెండేళ్ళు తొక్కాడు. ఆ తర్వాత ఇలాగే తిరనాళ్ళకి ఓ బావి వచ్చింది. అది వెళ్ళిపోయేటప్పుడు దాంతో పాటు ఇతనూ వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళు వూరూరూ తిరిగి, ఇప్పుడు సొంతవూళ్ళో ఆడుతున్నాడు.

“గుంటలో కూకుంటే నీ మొహం గోడకే కనపడద్దన్నా. ఎవురికీ తెలవదు నువ్వుండావని,” అన్నాడు.

హెల్మెట్ లేదేం అని అడిగాను. లోపల పనికిరాదట. “తలకాయే మూడు తలకాయలంత బరువవుద్ది. దాని మీద టోపీ కూడానా? మెడ నిలవదు. రోడ్డు మీద మాత్రం పెట్టుకుంటా. అక్కడ ఎదురొచ్చే వోళ్ళుంటారుగా!” అన్నాడు.

నిరుడు ఇంకో వూళ్ళో అతని జతగాడికి గోడ మీద వుండగా టైరు పేలింది. మెడ పక్క ఎముక విరిగింది. ఆర్నెల్లు ఇంట్లో వున్నాడు, ఇప్పుడు ఆటో తోలుకుంటున్నాడు. ఈ పనికి బీమా ఇచ్చేవాళ్ళు దొరకలేదని చెప్పాడు. రోజుకి పది ఆటలు, తిరనాళ్ళ రోజుల్లో పదిహేను. జీతం ఫరవాలేదు, నోట్లు తనవి.

తర్వాత అసలు మాట బయటపెట్టాడు. “అన్నా, నీకు ఫైట్ మాస్టర్లు తెలిసే వుంటారు. నా నంబరు ఇస్తావా?” ఫోన్లో తన ఆటల వీడియోలు చూపించాడు.

నాకు తెలిసింది దాచకుండా చెప్పాను. యూనియన్ కార్డు కావాలి, దానికి డబ్బు కట్టాలి. వెళ్ళగానే బండి ఇవ్వరు, మూడేళ్ళు పక్కన నిలబడి దెబ్బలు తినే వేషాలే. బండి ఇచ్చిన రోజున మాత్రం తాడు కడతారు, కింద పరుపు వేస్తారు, అంబులెన్సు వుంటుంది. నీ మొహం మాత్రం కనపడదు. కనపడితే ఆ షాట్ మళ్ళీ తీస్తారు.

చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “అమ్మ అక్కడికే పొమ్మంటది,” అన్నాడు చివరికి. “తాడు కడతారంట గదా అంటది.”

వాళ్ళమ్మని కూడా చూశాను. బావికి యాభై గజాల దూరంలో, గాజుల కొట్టు అరుగు మీద కూర్చుని వుంది. ఆ కొట్టు ఎరిగున్నవాళ్ళదే. నాలుగు రోజుల్నించీ సాయంత్రాలు అక్కడే వుంటోందట. ఒక్కసారి కూడా మెట్లెక్కలేదట.

“నేను చూళ్ళేనయ్యా,” అంది. “ఇనబడద్ది గదా, చాలు. పైకి పోయేటప్పుడు మోత ఒకరకంగా వుంటది, దిగేటప్పుడు ఒకరకంగా వుంటది. దిగే మోత ఇన్నాక నీళ్ళు తాగుతా.”

మగ్గం దగ్గర పుట్టి పెరిగిన మనిషి. పక్క గదిలో మగ్గం ఆగితే దారం తెగిందని చప్పుడుని బట్టే తెలుసుకునే చెవి అది. “ఆడు గుంటలోంచి లేచి బావిలో పడ్డాడు. మా ఇంటికి గోతులే రాసిపెట్టుండయ్,” అని నవ్వింది గాని, ఆ నవ్వులో చెవి మాత్రం బావి వైపే వుంది.

మర్నాడు రథోత్సవం. వీధంతా జనసముద్రం. మోకు పట్టుకునే భాగ్యం నాకు దక్కలేదు, దాని దగ్గరికి చేరే లోపలే మూడుసార్లు వెనక్కి నెట్టారు. రథం కదిలేటప్పుడు అన్ని వేల గొంతులు ఒకటే అరుపు. ఆ అరుపుతో కడుపు నింపుకున్న కుర్రకారంతా సాయంత్రానికి బావి మీద పడ్డారు. రాత్రి తొమ్మిదింటి ఆటకి పై అంచున కాలు పెట్టే చోటు లేదు. ఈలలు, చప్పట్లు. మైకులో పాట. అచ్చం మొదటిరోజు మొదటి ఆట వాతావరణం!

కుర్రాడు గోడెక్కాడు. రెండో చుట్టులో చేతులు వదిలాడు. సరిగ్గా అప్పుడు నా ఎదుటివైపు నిలబడ్డ నలుగురు కుర్రాళ్ళు జేబుల్లోంచి చించిన కాగితం ముక్కలు తీసి గుప్పెళ్ళతో ఎగరేశారు.

మీరూ ఎగరేసే వుంటారు. నేనూ ఎగరేశాను, మా రోజుల్లో నేల టిక్కెట్టులో. హీరో మొదటిసారి కనపడగానే కాగితాలు ఎగరెయ్యకపోతే మనం చూసిందేం సినిమా? వాళ్ళు చేసిందీ అదే. ఆ కుర్రాణ్ణి హీరో అనుకున్నారు, అభిమానం చూపించారు.

ఆ ముక్కలు గిరికీలు కొడుతూ లోపలికి దిగాయి. కొన్ని చెక్కలకి అంటుకున్నాయి. బండి ఆ చోటికొచ్చింది. వెనక టైరు ఒక్కసారి సర్రుమంది. బండి రెండడుగులు కిందికి జారింది. ఇంజను మోత తెగిపోయింది.

ఎంతసేపు? అరక్షణం వుంటుందేమో. అంత జనంలో ఒక్క ఈల లేదు. కుర్రాడి చేతులు హ్యాండిల్ మీద పడ్డాయి, మోత మళ్ళీ అందుకుంది, బండి వాలు మీదికి దిగి, రెండు చుట్లు తిరిగి, అడుగున ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు చాలామంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. గాజుల కొట్టు అరుగు దగ్గర ఆమె లేచి నిలబడి వుంది. కూర్చోలేదు. నీళ్ళు తాగలేదు.

కుర్రాడు మెట్లెక్కి పైకొచ్చాడు. తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. ఆ నలుగురి దగ్గరికీ వెళ్ళి, ఒకడి భుజం మీద చెయ్యేసి, “అన్నా, హాల్లో అయితే తెర ముందు పడతయ్. ఇక్కడ టైరు కింద పడతయ్,” అన్నాడు. అంతే. వాళ్ళలో ఒకడు జేబులో మిగిలిన కాగితాలు తీసి, ఏం చెయ్యాలో తెలియక, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

తర్వాత గుడ్డ తీసుకుని లోపలికి దిగి, నిచ్చెన వేసుకుని చెక్కలు తుడిచాడు. ఎంతసేపు తుడిచాడని! జనం విసుక్కున్నారు. ఇంటర్వెల్ ఎక్కువైందని ఎవరో అరిచారు. తుడవటం అయ్యాక పదిన్నర ఆట కూడా ఆడాడు. ఆ ఆటలో చేతులు వదల్లేదు.

మూడోనాడు చెక్కలు విప్పారు. ప్రతి చెక్కకీ వెనక నంబరు వుంటుంది, ఏ చెక్క పక్కన ఏ చెక్కో తప్పిపోకుండా. లారీ ఎక్కించటానికి సగం రోజు పట్టింది. వాళ్ళమ్మ అందరికీ పులిహోర కట్టుకొచ్చింది. నాకూ పెట్టింది. “సినిమావోళ్ళకి చెబుతావుగా బాబూ?” అని రెండుసార్లు అడిగింది. కొడుకు వినకుండా అడిగింది.

హైదరాబాదు వెళ్ళినప్పుడు నాకు తెలిసిన ఓ ఫైటర్‌కి నంబరు ఇచ్చి, వీడియోలు చూపించాను. మూడుసార్లు చూశాడు. వాళ్ళ మాస్టారికీ చూపించాడు. మర్నాడే ఫోన్ చేశారట. రింగయిందిగాని ఎవరూ ఎత్తలేదట. సాయంత్రం మళ్ళీ చేశారట. “మీవాడు ఫోన్ ఎత్తడేమయ్యా?” అని నన్నడిగాడు.

ఎన్నింటికి చేశారని అడిగాను. ఒకసారి ఆరింటికి, ఒకసారి ఏడున్నరకి అన్నాడు. రెండూ ఆట వేళలే.

పొద్దున పదింటికి చెయ్యమన్నాను.